డిసెంబరు పిల్లాడు చేజారిపోకుండా ట్రయల్స్ నడపడం ఎలా?

అండర్-13 ఫుట్‌బాల్ ట్రయల్స్ జరుగుతున్నాయి. వయసు లెక్కగట్టే కటాఫ్ తేదీ జనవరి 1. కార్నర్ నుంచి వచ్చిన బంతికి ఇద్దరు పిల్లలు ఒకేసారి ఎగిరారు. ఒకరు పుట్టింది జనవరి 4న, ఇంకొకరు అదే ఏడాది డిసెంబరు 22న. రిజిస్టర్‌లో ఇద్దరూ ఒకే వయసువాళ్లు. లెక్కేస్తే మధ్యలో 352 రోజులు. జనవరి పిల్లాడి తలకు బంతి అందింది. డిసెంబరు పిల్లాడి తల అవతలివాడి భుజం దగ్గరే ఆగిపోయింది. సెలెక్టర్ కాగితం మీద మొదటివాడి పేరు పక్కన టిక్కు పడింది. బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి, ఒక అడుగు ముందుగా కదిలింది మాత్రం రెండోవాడు. ఆ అడుగు ఏ కాగితం మీదకీ ఎక్కలేదు.

ఇలా నెలల తేడాను ప్రతిభ తేడాగా పొరబడటాన్ని సాపేక్ష వయసు ప్రభావం అంటారు. 1985లో కెనడాలో రోజర్ బార్న్స్‌లీ, ఆయన తోటి పరిశోధకులు ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినతేదీలు పరిశీలిస్తే, పై స్థాయి జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు పోగుపడి ఉన్నారు, చివరి నెలలవాళ్లు పలచబడ్డారు. అక్కడి కటాఫ్ జనవరి 1. 2009లో స్టీఫెన్ కోబ్లీ బృందం 16 దేశాల్లో, 14 క్రీడల్లో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసినప్పుడూ మొత్తం మీద ఇదే ధోరణి కనిపించింది.

దీనికీ గ్రహాలకూ రాశులకూ ఏ సంబంధమూ లేదు. బెల్జియం ఫుట్‌బాల్ సంఘం 1997లో కటాఫ్‌ను ఆగస్టు 1 నుంచి జనవరి 1కి మార్చింది. అంతవరకు జట్లలో ఎక్కువగా కనిపించిన ఆగస్టు, సెప్టెంబరు పిల్లలు తగ్గిపోయి, వాళ్ల చోట జనవరి, ఫిబ్రవరి పిల్లలు వచ్చారు. మారింది గీత గీసిన చోటు ఒక్కటే.

పదేళ్ల పిల్లలకు పన్నెండు నెలలంటే బతికిన కాలంలో పదో వంతు. ఎత్తు, బరువు, వేగం, మాట వినే ఓపిక అన్నింటిలోనూ ఆ వంతు కనిపిస్తుంది. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఎంపికైనవాడికి మంచి కోచ్, ఎక్కువ మ్యాచ్‌లు, గట్టి ప్రత్యర్థులు దొరుకుతారు. ఎంపిక కానివాడు ఇంటికెళ్లి కొన్నాళ్లకు ఆటే మానేస్తాడు. రెండేళ్ల తర్వాత చూస్తే ఇద్దరి మధ్యా నిజంగానే ప్రతిభలో తేడా ఉంటుంది, సెలెక్టర్‌కు తన అంచనా సరైనదే అనిపిస్తుంది. ఆ తేడాను తయారుచేసింది ఆ అంచనాయే.

ఇందులో జట్టు గెలుపు కూడా ఉంది. ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ లీగ్‌లో క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1980 నుంచి 2006 దాకా అలా డ్రాఫ్ట్ అయిన కెనడా ఆటగాళ్ల మీద 2013లో ఒక అధ్యయనం వచ్చింది. జులై–డిసెంబరులో పుట్టినవాళ్లు డ్రాఫ్ట్‌లో 34 శాతమే. ఆడిన మ్యాచ్‌ల్లో వాళ్ల వాటా 42 శాతం, పాయింట్లలో 44 శాతం. అంటే క్లబ్బులు వాళ్లను ఉండాల్సినదాని కన్నా కిందికి లెక్కగట్టాయి.

ముందు మీ రిజిస్టర్ తెరవండి

ఏదైనా మార్చేముందు మీ దగ్గర సమస్య ఎంత ఉందో తేల్చుకోండి. గత మూడు నాలుగేళ్లలో ట్రయల్స్‌కు వచ్చినవాళ్ల జాబితా ఒకటి, ఎంపికైనవాళ్ల జాబితా ఒకటి తీసుకోండి. రెండూ కావాలి. చాలామంది రెండోది ఒక్కటే చూసి తప్పులో పడతారు.

ఆపైన మీ కటాఫ్ తేదీ నుంచి ఏడాదిని నాలుగు భాగాలు చేయండి. క్యాలెండర్ ప్రకారం కాదు, కటాఫ్ ప్రకారం. ఫుట్‌బాల్‌లో అంతర్జాతీయ ఏజ్ గ్రూపులు జనవరి 1 నుంచి నడుస్తాయి కాబట్టి జనవరి–మార్చి మొదటి త్రైమాసికం. క్రికెట్‌లో ఐసీసీ అండర్-19 ప్రపంచకప్‌కు సెప్టెంబరు 1 ప్రమాణం. అక్కడ సెప్టెంబరు–నవంబరు మొదటిది, జూన్–ఆగస్టు నాలుగోది. క్రికెట్ జట్టును జనవరి లెక్కతో విడగొట్టి, మా దగ్గర ఏ పక్షపాతమూ లేదని తేల్చేసుకోవడం తరచూ జరిగే పొరపాటు.

మీ గ్రూపు రెండేళ్లకు ఒకటైతే, అంటే అండర్-14 తర్వాత నేరుగా అండర్-16 ఉంటే, ముందు పుట్టిన సంవత్సరం వారీగా విడదీసి, తర్వాత త్రైమాసికాలు చూడండి. అక్కడ పెద్ద ఏడాదివాళ్లే జట్టంతా నింపేస్తారు. నెలల లెక్క దాని కింద దాక్కుంటుంది.

ఇంకో జాగ్రత్త. తేదీల్లో జనవరి 1 లాంటి ఒకే రోజు అసాధారణంగా ఎక్కువసార్లు కనిపిస్తే, అవి అసలు తేదీలు తెలియక రాసినవి కావచ్చు. వాటిని పక్కనపెట్టి మిగతావాటితో లెక్క చేయండి.

ఇప్పుడు అంకెలు. ఉదాహరణకు నాలుగేళ్లలో ఎంపికైనవాళ్లు 40 మంది అనుకుందాం. త్రైమాసికాల వారీగా 17, 11, 8, 4. అందరికీ సమాన అవకాశం ఉంటే ఒక్కో దానిలో సుమారు 10 మంది ఉండాలి. ప్రతి అంకెకూ పదికీ ఉన్న తేడాను వర్గం చేయండి: 49, 1, 4, 36. మొత్తం 90. దాన్ని పదితో భాగిస్తే 9.0. దీన్నే కై స్క్వేర్ విలువ అంటారు. నాలుగు భాగాల లెక్కలో ఇది 7.81 దాటితే అది కాకతాళీయం అనుకోవడం కష్టం. అదే 20 మందిలో 8, 6, 4, 2 వచ్చిందనుకోండి. చూడ్డానికి అదే మెట్ల వరుస, కానీ విలువ 4.0 దగ్గరే ఆగుతుంది. ఒక్క జట్టును చూసి ఉందనీ లేదనీ తీర్పు చెప్పకండి, నాలుగేళ్లు కలపండి.

తర్వాత వచ్చినవాళ్లలో ఎంతమంది ఎంపికయ్యారో చూడండి. 120 మంది వచ్చారు, త్రైమాసికాల వారీగా 38, 32, 28, 22. ఎంపికైన 30 మంది 12, 9, 6, 3. మొదటి త్రైమాసికంలో వచ్చినవాళ్లలో దాదాపు 32 శాతం, నాలుగోదానిలో 14 శాతం లోపే ఎంపికయ్యారు. ఈ అంతరం మీ సెలెక్టర్లది. వచ్చినవాళ్లలోనే 38కి 22 అనే తేడా ఉంది చూడండి, అది మీ దాకా రాకముందే బడిలోనో కింది క్లబ్బులోనో జరిగిన నష్టం. రెండింటికీ మందు వేరు. మొదటిదానికి ట్రయల్స్ పద్ధతి మార్చాలి. రెండోదానికి చిన్న వయసులో వడపోతే ఆపాలి.

నెలలు వేరు, ఎదుగుదల వేరు

ఇక్కడ తడబడేవాళ్లు ఎక్కువ కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. పుట్టిననెల ఒక లెక్క, శరీరం ఎదిగే వేగం మరో లెక్క. ఒకేరోజు పుట్టిన ఇద్దరు పదమూడేళ్ల పిల్లల్లో ఒకరికి మీసం మొలుస్తుండవచ్చు, ఇంకొకరి గొంతు కూడా మారకపోవచ్చు. డిసెంబరులో పుట్టి జట్టులో ఉన్న పిల్లలను గమనించండి, వాళ్లలో చాలామంది త్వరగా ఎదిగినవాళ్లే. డిసెంబరులో పుట్టి, నిదానంగా ఎదిగే పిల్లాడికి దెబ్బ మీద దెబ్బ.

సగటున అమ్మాయిల్లో పన్నెండేళ్ల దగ్గర, అబ్బాయిల్లో పద్నాలుగేళ్ల దగ్గర ఎత్తు అన్నిటికన్నా వేగంగా పెరుగుతుంది. సరిగ్గా ఆ వయసుల్లోనే చాలా అకాడమీలు తుది ఎంపికలు పెడతాయి. అంతకన్నా చెడ్డ సమయం లేదని మా అభిప్రాయం.

ఎదుగుదలను అంచనా వేయడానికి ఎక్స్‌రే అక్కర్లేదు. 1994లో వచ్చిన ఖామిస్–రోష్ పద్ధతికి పిల్లల వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల సగటు ఎత్తు ఉంటే చాలు. పెద్దయ్యాక ఎంత ఎత్తు ఉంటారో చెబుతుంది, సుమారు 2 సెంటీమీటర్లు అటూఇటూ. ఇప్పటి ఎత్తును ఆ అంచనాతో భాగిస్తే శాతం వస్తుంది. 152 సెంటీమీటర్లున్న పిల్లాడి అంచనా 176 అయితే 86.4 శాతం. 166 ఉన్నవాడి అంచనా 177 అయితే 93.8 శాతం. ఇద్దరికీ పదమూడేళ్లే. మొదటివాడికి ఇంకా 24 సెంటీమీటర్లు పెరగాల్సి ఉంది, రెండోవాడికి 11.

కొలత తప్పితే ఈ లెక్కంతా వృథా. సాయంత్రానికి మనిషి సుమారు ఒక సెంటీమీటరు కుంగుతాడు కాబట్టి అందరినీ ఒకే సమయంలో, వీలైతే ఉదయాన్నే కొలవండి. చెప్పులు, బూట్లు తీయించండి. మడమలు నేలకు ఆనాలి, చూపు తిన్నగా ఉండాలి, గాలి పీల్చి నిలబడాలి. రెండుసార్లు కొలవండి. అర సెంటీమీటరు దాటి తేడా వస్తే మూడోసారి కొలిచి మధ్య అంకె రాసుకోండి. తల్లిదండ్రుల ఎత్తు అడిగి రాసుకోకుండా, కుదిరితే వాళ్లనూ గోడ దగ్గర నిలబెట్టండి. అడిగితే జనం ఒకటి రెండు సెంటీమీటర్లు కలిపే చెబుతారు, పిల్లాడి అంచనా ఆ మేరకు పెరిగిపోతుంది. ఖామిస్–రోష్ సూత్రాన్ని అమెరికాలోని శ్వేతజాతి పిల్లల కొలతల మీద కట్టారు. వేరే చోట్ల దీన్ని దారి చూపే గుర్తుగా వాడండి, తీర్పుగా కాదు.

కూర్చున్న ఎత్తు, కాలి పొడవుతో, ఎత్తు అన్నిటికన్నా వేగంగా పెరిగే సమయాన్ని అంచనా వేసే 2002 నాటి మిర్వాల్డ్ సూత్రం కూడా విరివిగా వాడుకలో ఉంది. అది త్వరగా ఎదిగేవాళ్ల దగ్గరా నిదానంగా ఎదిగేవాళ్ల దగ్గరా సగటు వైపుకు జారిపోతుంది. మనకు తెలియాల్సింది సరిగ్గా వాళ్ల గురించే, అందుకే ఈ పనికి దాన్ని సిఫార్సు చేయం.

శాతాలు చేతికొచ్చాక పిల్లలను వయసుతో కాక ఎదుగుదలతో జట్లుగా విడగొట్టి ఆడించవచ్చు. దీన్నే బయో బ్యాండింగ్ అంటారు. 85 లోపు, 85–90, 90–95, 95 పైన అనేవి వాడుకలో ఉన్న గీతలు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ అకాడమీల 11–14 ఏళ్ల పిల్లలతో 85–90 బ్యాండులో టోర్నమెంట్ పెట్టి చూశారు. నిదానంగా ఎదిగినవాళ్లకు బంతితో పనితనం చూపే వీలు దొరికింది. త్వరగా ఎదిగినవాళ్లు, ఇన్నాళ్లూ భుజంతో గెలిచిన చోట ఇప్పుడు బుర్ర వాడాల్సి వచ్చిందని చెప్పారు. ఇద్దరికీ మేలే. అయితే 89.6 వచ్చినవాడినీ 90.2 వచ్చినవాడినీ గీతకు అటూఇటూ పడేయకండి. అంచనాలోనే ఒక శాతం తప్పు ఉంటుంది, అక్కడ కోచ్ కన్ను చెప్పినట్టు వినండి. బయో బ్యాండింగ్ ఆటలు నెలకు ఒకటి రెండుసార్లు చాలు. ఎప్పుడూ ఇలాగే ఆడిస్తే పిల్లలు తోటివాళ్లకు దూరమవుతారు, పదకొండేళ్ల పిల్లాడు పద్నాలుగేళ్లవాళ్ల గదిలో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాడు.

ట్రయల్స్ రోజు

సెలెక్టర్లకు ఈ సంగతంతా చెప్పి, పుట్టినతేదీల జాబితా చేతిలో పెడితే చాలనుకుంటారు. చాలదు. 2017లో డేవిడ్ మన్, ప్లూన్ వాన్ గినెకన్ నెదర్లాండ్స్‌లో ఫుట్‌బాల్ స్కౌట్లతో, అంటే ప్రతిభ గల పిల్లలను వెతికేవాళ్లతో, దీన్నే పరీక్షించారు. పుట్టినతేదీలు కాగితం మీద ఇచ్చినా స్కౌట్లు పెద్ద పిల్లలనే మెచ్చుకున్నారు. జెర్సీ నంబర్లను వయసు వరుసలో ఇచ్చి, ఆ సంగతి ముందే చెప్పినప్పుడు పక్షపాతం పోయింది. కాగితం వైపు చూస్తే బంతి వైపు చూడలేం. నంబరు మాత్రం ఆటతోపాటు పరిగెడుతుంది.

అందుకని మొదట చేయాల్సింది ఇదే, ఖర్చు లేనిదీ ఇదే. ట్రయల్స్‌కు ముందు రోజు జాబితాను పుట్టినతేదీ వరుసలో పెట్టండి. అందరికన్నా చిన్నవాడికి 1, పెద్దవాడికి చివరి నంబరు. పెద్ద నంబరంటే పెద్ద వయసు, గుర్తుంచుకోవడం తేలిక. రెండు జట్లుగా ఆడిస్తే రంగులు వేరైనా నంబర్ల వరుస ఒకటే ఉండాలి. ఒక రంగులో బేసి, ఇంకో రంగులో సరి సంఖ్యలు ఇస్తే రెండు జట్ల సగటు వయసూ దగ్గరగా వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మిగిలిన చొక్కా చేతికిస్తే వరుస చెడిపోతుంది, ముందే నాలుగైదు ఖాళీ నంబర్లు మధ్యమధ్యలో వదిలిపెట్టండి. ఆట మొదలయ్యే ముందు సెలెక్టర్లకు వరుస అర్థం నోటితో చెప్పండి. చెప్పకపోతే అది ఉత్త నంబరే.

రెండోది, మార్కుల కాగితం. "మొత్తం మీద ఎలా ఉన్నాడు" అనే గడి ఉంటే ఎత్తే గెలుస్తుంది. దాన్ని తీసేసి, శరీరబలంతో సంబంధం తక్కువున్నవి పెట్టండి: బంతి రాకముందు చుట్టూ చూశాడా, మొదటి స్పర్శ బంతిని ఎటు తీసుకెళ్లింది, బంతి పోయాక అయిదు సెకన్లలో ఏం చేశాడు, అదే తప్పు రెండోసారి చేశాడా. ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. బేసి సంఖ్య ఉంటే అందరూ నడిమి అంకెలోకి జారుకుంటారు. వేగం, ఎత్తు, తాకిడి వేరే కాగితం మీద రాయండి, చివర్లో మాత్రమే కలపండి.

మూడోది, పిల్లలను రెండు రకాలుగా ఆడించండి. ఒక పూట అందరినీ కలిపి, ఇంకో పూట ఒకే త్రైమాసికం పిల్లలను వాళ్లలో వాళ్లే, చిన్న మైదానంలో నలుగురికి నలుగురు చొప్పున. కలిసి ఆడినప్పుడు కనుమరుగై, తన ఈడువాళ్లతో ఆడినప్పుడు ఆటంతా నడిపించే పిల్లలు ఒకరిద్దరు తప్పక బయటపడతారు. వాళ్ల పేర్లు విడిగా రాసుకోండి, ఈ కష్టమంతా వాళ్ల కోసమే.

పరుగు, ఈత లాంటి గడియారపు ఆటల్లో లెక్కతోనే సవరించవచ్చు. స్విట్జర్లాండ్‌లో 60 మీటర్ల పరుగు మీద ఈ పని చేసి చూపించారు. గ్రూపు మొత్తం సమయాలను వయసు నెలలతో గ్రాఫ్ గీయండి, ఏడాదికి ఎంత వేగం పెరుగుతోందో వాలు చెబుతుంది. ఉదాహరణకు ఏడాదికి 0.30 సెకన్లు అనుకుందాం. గ్రూపులో పెద్దవాడి కన్నా 9 నెలలు చిన్నవాడు 9.61లో పరిగెత్తితే, 0.30లో ముప్పావు వంతు, అంటే సుమారు 0.22 తగ్గించాలి. 9.39 అవుతుంది. 9.45లో వచ్చిన పెద్దవాడి కన్నా ఇతనే ముందు. వాలు తీసేటప్పుడు వచ్చిన పిల్లలందరి సమయాలూ వాడాలి, ఇదివరకే ఎంపికైనవాళ్లవి కాదు. ఎంపికైన డిసెంబరు పిల్లలు మామూలువాళ్లు కాదు కాబట్టి, వాళ్లతో గీస్తే వాలు చదునైపోయి సవరణ చాలా తక్కువ వస్తుంది. గ్రూపులో వందమంది కూడా లేకపోతే ఈ లెక్క జోలికి పోకండి.

అన్ని ఆటలకూ ఇవన్నీ అక్కర్లేదు. జిమ్నాస్టిక్స్‌లో చిన్న శరీరమే లాభం. బరువు తరగతులున్న ఆటల్లో తేడా కొంత తనంతట తనే సర్దుకుంటుంది. అమ్మాయిల్లో ఈ ప్రభావం ఉంది, సాధారణంగా అబ్బాయిల్లో కన్నా తక్కువ.

సంఘం చేతిలో ఉన్నవి

కటాఫ్‌ను ఇంకో నెలకు మారిస్తే నష్టపోయేవాళ్లు మారతారు, నష్టం అలాగే ఉంటుంది. కావాల్సింది గీత కదులుతూ ఉండటం. ఇంగ్లండ్ స్క్వాష్‌లో పిల్లలు తమ పుట్టినరోజునే పై గ్రూపుకు వెళతారు. ఏడాది పొడవునా ఒక్కొక్కరు కొన్నాళ్లు పెద్దవాళ్లుగా, కొన్నాళ్లు చిన్నవాళ్లుగా ఆడతారు. అక్కడి ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనంలో సాపేక్ష వయసు ప్రభావం కనిపించలేదు. ఒంటరిగా ఆడే ఆటలకు ఇంతకు మించిన పద్ధతి మాకు తెలియదు. జట్టు ఆటల్లో ఇది కష్టం, సీజన్ నడుమ జట్టు చెదిరిపోతుంది. అక్కడ జట్టు సగటు వయసుకు ఒక పరిమితి పెట్టడమో, బెల్జియం ఫుట్‌బాల్ చేసినట్టు నిదానంగా ఎదిగే పిల్లలకు సమాంతరంగా ఇంకో జాతీయ జట్టు నడపడమో మేలు. ఎన్ని ఏర్పాట్లు చేసినా, పన్నెండేళ్ల లోపు వడపోత పెట్టకపోవడం వాటన్నిటి కన్నా బలమైనది.

ఇంట్లో

కటాఫ్‌కు చివర్లో పుట్టిన బిడ్డ మీ ఇంట్లో ఉంటే, మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి తేదీతో సహా రాసిపెట్టండి. కోచ్‌తో మాట్లాడేటప్పుడు "మావాడికి అన్యాయం జరిగింది" అనడం కన్నా ఆ కాగితం ఎక్కువ పనిచేస్తుంది. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటి పెరుగుతుంటే దూకే కసరత్తులు తగ్గించమని అడగండి. ఆ రోజుల్లో మోకాలి కింద, మడమ వెనక నొప్పులు సాధారణం, బంతి మీద పట్టు కూడా కొన్నాళ్లు తప్పుతుంది. జనవరి బిడ్డయితే ఇప్పటి గెలుపులు చూసి మురిసిపోకుండా, ఎడమ కాలికీ చూపుకీ పని చెప్పండి. పదహారేళ్లకు మిగతావాళ్లూ అంతే ఎత్తుకు వస్తారు. పోటీల్లో కింది గ్రూపులో చేర్చడానికి పుట్టినతేదీ మార్చడం నేరం, పైగా బిడ్డకు దొరకాల్సిన గట్టి పోటీనీ లాగేసుకుంటుంది.

ఎంపిక కాని పిల్లలకు చెప్పే మాట దగ్గరే చాలా ట్రయల్స్ చెడిపోతాయి. జాబితా గోడకు అంటించి వెళ్లిపోకండి. నాలుగో త్రైమాసికంలో పుట్టినవాళ్లకూ, 88 శాతం లోపు ఎదుగుదల ఉన్నవాళ్లకూ ఒక్కొక్కరికి విడిగా కాగితం ఇవ్వండి: ఈ రోజు మీ ఎత్తు ఇంత, మీ ఆటలో మాకు బాగా నచ్చినది ఇది, ఈలోగా సాధన చేయాల్సినది ఇది, మళ్లీ చూసే తేదీ ఇది. ఆ తేదీ ఆరు నుంచి తొమ్మిది నెలల లోపు ఉండాలి. ఏడాది తర్వాత పెడితే ఆ పిల్లాడు రాడు.